శాలువా సరే... సారుకు తోడెవరు?

*బదిలీ రోజున కన్నీళ్లు, సెప్టెంబరు 5న పూలదండలు. మరి మిగతా రోజుల్లో సర్కారు బడి టీచరు వెంట ఊరు ఎంతమేర నడుస్తోంది?*

2024 జులై మొదటివారం. మంచిర్యాల జిల్లా జన్నారం మండలం పొనకల్ ప్రాథమిక పాఠశాలలో పిల్లలంతా ఒకటే ఏడుపు. పన్నెండేళ్లుగా అక్కడ చదువు చెప్పిన సారుకు బదిలీ అయింది. వెళ్లొద్దని చుట్టుముట్టి బతిమాలారు. సర్కారు ఉత్తర్వు పిల్లల కన్నీళ్లకు ఆగేది కాదు గనక ఆయన సర్దిచెప్పి సెలవు తీసుకున్నారు.

ఇంతవరకూ ఏ బదిలీల కాలంలోనైనా కనిపించేదే. ఆ తర్వాతే ఊరు ఎవరూ ఊహించని పని చేసింది. రెండు రోజుల్లో 133 మంది పిల్లలను తల్లిదండ్రులు ఆ బడి మాన్పించి, మూడు కిలోమీటర్ల దూరాన సారు కొత్తగా చేరిన అక్కపెల్లిగూడ బడిలో చేర్పించారు. పొనకల్ బడిలో అప్పటికి చదువుతున్నది సుమారు 250 మంది. సగానికి పైగా బడి సారు వెంటే కదిలింది.

2012లో ఆయన వచ్చేనాటికి అక్కడున్న పిల్లలు ముప్పై మందికి కాస్త పైన. ఆ సంఖ్య 250కి చేరడానికి పన్నెండేళ్లు పట్టింది, సగం కావడానికి రెండు రోజులు చాలింది. ఆయనకు ఇంతకన్నా పెద్ద సన్మానం ఏ ప్రభుత్వమూ చేయలేదు, నిజమే. కానీ వెనక మిగిలిపోయిన బడి మాటేమిటి? అక్కడే ఉన్న మిగతా టీచర్ల మాటేమిటి? పిల్లల సంఖ్యను బట్టే పోస్టులు లెక్కగట్టే పద్ధతిలో, సగం పిల్లలు పోయిన బడికి రేపు టీచర్లూ తగ్గవచ్చు. మన ఊళ్ల అభిమానంలో ఉన్న చిక్కంతా ఇక్కడే. అది మనిషిని పట్టుకుని నడుస్తుంది. బడిని పట్టుకుని నిలబడడం తక్కువ.

జూన్, జులై వస్తే చాలు, ఫోన్లలో ఇలాంటి వీడియోలు వరస కడతాయి. డప్పుల మోత, పూలవాన, ట్రాక్టరు మీద ఊరేగింపు, కొంగుతో కళ్లు తుడుచుకునే వంటమ్మ, గేటుకు అడ్డంగా కూర్చున్న ఐదో తరగతి పిల్లలు. లక్షల మంది చూస్తారు. 'మాకూ ఇలాంటి సారు ఉండి ఉంటేనా' అని కింద ఒకరు రాస్తారు. ఆ రాసినవారి పిల్లలు మాత్రం అప్పటికే ప్రైవేటు బడి బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటారు.

బదిలీ వెనక లెక్కలు

ఈ కన్నీళ్లకు కారణం ఎవరి కక్షో కాదు, నిబంధన. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండిన టీచరు, ఐదేళ్లు నిండిన ప్రధానోపాధ్యాయుడు కదలాల్సిందే. మధ్యలో బదిలీలు ఏళ్లకేళ్లు ఆగిపోతే ఆ గడువు దాటీ ఉండిపోతారు. సర్వీసుకు, పనిచేసిన ఊరు పట్నానికి ఎంత దూరమన్నదానికి పాయింట్లు, ఆ పాయింట్ల వరసలో కౌన్సెలింగ్. మారుమూల తండాలో ఒకరే మగ్గిపోకూడదు, రోడ్డు పక్క బడిలో ఇంకొకరే పాతుకుపోకూడదు అన్నది దీని వెనక ఉద్దేశం. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. టీచరుకూ ఇల్లుంటుంది, ముసలి తల్లిదండ్రులుంటారు, రోజుకు రెండు బస్సులు మారే ప్రయాణం ఉంటుంది. వీడియోలో ఏడ్చే సారు ఆ సాయంత్రం ఇంటికి దగ్గరైన ఊరు దొరికిందని ఊపిరి పీల్చుకుంటే అది ద్రోహమేమీ కాదు.

రెండో లెక్క పేరు రేషనలైజేషన్. పిల్లల సంఖ్యకు మించి టీచర్లుంటే 'మిగులు' అంటారు, వారిని వేరే చోటికి సర్దుతారు. 2018 జూన్‌లో దేశమంతా చూసిన వెలియగరం దృశ్యానికి మూలం ఇదే. తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో పళ్లిపట్టు పక్కన ఉన్న ఊరది. 28 ఏళ్ల ఇంగ్లీషు టీచరు మిగులు కింద తేలారు. ఆయన బయల్దేరే రోజున యూనిఫాంలలో ఉన్న పిల్లలు నడుం పట్టుకుని, చేతులు పట్టుకుని, వెనక నుంచి లాగి వెళ్లనివ్వలేదు. పిల్లల మధ్య నిలబడి ఆయనా ఏడ్చేశారు. విద్యాశాఖ ఆ బదిలీని పది రోజులు ఆపింది. ఏ మహనీయుడి పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నామో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి కూడా అదే జిల్లాలో ఉంది.

> పూలబండి నుంచి పతకం దాకా
>
> • 1921లో మైసూరు వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతున్న రాధాకృష్ణన్‌ను విద్యార్థులు పూలతో అలంకరించిన బండిలో కూర్చోబెట్టి, తామే లాగుతూ రైల్వేస్టేషన్ దాకా తీసుకెళ్లారు.
>
> • ఆయన రాష్ట్రపతి అయిన 1962 నుంచి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం.
>
> • జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. ఇప్పుడు రూ.50 వేలు, వెండి పతకం, ప్రశంసాపత్రం ఇస్తున్నారు. 2018 నుంచి టీచర్లు తామే దరఖాస్తు పెట్టుకోవాలి. తన గొప్పతనానికి తానే రుజువులు కూర్చి ఫైలు కట్టుకోలేక చాలామంది మొహమాటస్తులు ఆ ఊసే ఎత్తరు.
>
> • శాసన మండలిలో పన్నెండో వంతు సభ్యులను ఉపాధ్యాయులు ఎన్నుకోవాలని రాజ్యాంగం 171వ అధికరణ చెబుతోంది. అయితే ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవారికే ఆ ఓటు. అక్షరాలు దిద్దించే ప్రాథమిక పాఠశాల టీచరుకు లేదు.

దసరా కట్నం నాటి ఒప్పందం

పంతులును పోషించడం ఊరికి కొత్త కాదు. వీధిబడుల కాలంలో అయ్యవారికి జీతమంటూ ఖజానా నుంచి వచ్చేది ఏమీ లేదు. ధాన్యం, కూరగాయలు, పండగ పూట బట్టలు, ఎవరి శక్తి కొద్దీ వారిచ్చేది. దసరా వస్తే పిల్లలు రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగేవారు. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. సంవత్సరమంతా బడిలో ఏం నేర్చారో ఇంటి గుమ్మంలోనే వినిపించేవారు గనక అది వసూలూ అయింది, పరీక్షా అయింది. ఊళ్లోవాళ్లకు పంతులు పనితనం చెవిన పడేది.

ఆ ఏర్పాటును బంగారు కాలంగా చెప్పుకోనక్కర్లేదు. వీధి అరుగు మీదికి ఎక్కే హక్కు ఊళ్లో అందరు పిల్లలకూ ఉండేది కాదు. 'బతకలేక బడిపంతులు' అన్న సామెత పుట్టింది కూడా ఆ దరిద్రంలోంచే. సర్కారు జీతం వచ్చాక పంతులు ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేకపోయింది. అది మంచికే. ఆ తర్వాత కూడా ఊరు దూరం కాలేదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల బోర్డులు చదివితే తెలుస్తుంది, ఎన్నింటికి దాతల పేర్లున్నాయో. ఎవరో ఎకరాల భూమి ఇచ్చారు, ఇంకెవరో గదులు కట్టించారు. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో జన్మభూమి మొదలైనప్పుడు కూడా ప్రజల వాటా, శ్రమదానం పేరుతో చాలా ఊళ్లలో తరగతి గదులు లేచాయి.

మరి తెగింది ఎక్కడ? జీతాల దగ్గర కాదు. ఊళ్లో మాట చెల్లే ఇళ్ల పిల్లలు బడి వదిలినప్పుడు తెగింది. ఒకప్పుడు సర్పంచి కొడుకు, షావుకారు కూతురు, పాలేరు కొడుకు ఒకే బెంచీ మీద కాకపోయినా ఒకే కప్పు కింద చదివారు. ఆ కప్పు కారితే సర్పంచికి తెలిసేది. లెక్కల టీచరు లేకపోతే షావుకారు డీఈవో ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడిగేవాడు. ఇంగ్లీషు మీడియం బోర్డులు, పసుపు బస్సులు వచ్చాక ముందుగా కదిలింది ఆ ఇళ్లే. కూలికి వెళ్లే తల్లులు మిగిలారు. వాళ్లకు అభిమానం ఎక్కువే, ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారే తక్కువ. సర్కారు బడి టీచరుకు ఊరి మద్దతు తగ్గిందన్న మాటను ఈ కోణంలోంచి చూడాలి. ప్రేమ తగ్గలేదు, పలుకుబడి తగ్గింది.

'మీ పిల్లలెక్కడ చదువుతున్నారు సార్?'

పిల్లలను బడిలో చేర్పించమంటూ బడిబాట రోజుల్లో ఇల్లిల్లూ తిరిగే ఏ టీచరుకైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది. జూన్ ఎండలో, చేతిలో కరపత్రాలు, మెడలో గుర్తింపు కార్డు. ఉచిత పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, శిక్షణ పొందిన టీచర్లు అని చెప్పుకొస్తుంటే అరుగు మీద కూర్చున్న తాత నింపాదిగా అడుగుతాడు. "అది సరే గానీ, మీ పిల్లలెక్కడ చదువుతున్నారు సార్?"

నిజాయితీగా చెప్పాలంటే చాలామంది టీచర్ల దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. నెలకు మంచి జీతం తీసుకుంటూ తమ బడిని తామే నమ్మకపోతే ఊరెలా నమ్ముతుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఉపాధ్యాయ సంఘాలు దీన్ని తప్పించుకోకుండా మాట్లాడాల్సింది. అయితే ఆ ప్రశ్నకు రెండో వైపూ ఉంది. టీచరమ్మ కాపురం ఉండేది పట్నంలో, పనిచేసేది నలభై కిలోమీటర్ల అవతల. చంటివాణ్ని తనతో రెండు బస్సులు మార్పించలేదు. తన పిల్లను పక్క వీధిలోని సర్కారు బడిలో వేద్దామంటే అక్కడ ఐదు తరగతులకు ఒకే టీచరు. అది ఎంత కష్టమో ఆమెకన్నా బాగా తెలిసినవారెవరు?

ఆ కష్టం ఎంత విస్తారమో అంకెలే చెబుతాయి. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలుంటే, వాటిలో అత్యధికం, 12,912, ఆంధ్రప్రదేశ్‌వే. ఒక్క పిల్లాడూ లేని బడులు దేశంలో ఎనిమిది వేల లోపు. అందులో 2,245 తెలంగాణలో. పశ్చిమ బెంగాల్ తర్వాత స్థానం తెలంగాణదే. ఒకవైపు ఒంటరి టీచరు, ఇంకోవైపు పిల్లల్లేని బడి. సన్మాన సభల్లో ఈ రెంటి గురించీ ఎవరూ మాట్లాడరు.

పాఠం తప్ప అన్నీ

టీచరుకు ఊరు, ప్రభుత్వం కలిసి ఇవ్వగల అసలైన గౌరవం ఏమిటని స్టాఫ్‌రూంలో అడిగి చూడండి. శాలువా అనరు. "మమ్మల్ని పాఠం చెప్పుకోనివ్వండి" అంటారు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగానే ఉంది. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడూ తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదు. ఆచరణ వేరు. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో క్యూలు సర్దడానికి, టోకెన్లు ఇవ్వడానికి టీచర్లను నిలబెట్టారు. తమ దగ్గర చదువుకున్నవాడే వరసలో వచ్చి చేయి చాస్తే ఆ మాస్టారు ఎటు చూడాలి? విమర్శలు పెద్దఎత్తున వచ్చాయి, రావాల్సిందే. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని వచ్చింది. ఆ భారం 2024లో ప్రభుత్వం మారాక తొలగింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ఇంటింటి కుటుంబ సర్వేకు 36 వేలకు పైగా సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీ) వాడుకుంది. దాదాపు నెలరోజులు ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి. సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. ఆ నెలలో తమ పిల్లలు పోగొట్టుకున్న మధ్యాహ్నాల గురించి ఎన్ని ఊళ్లు అడిగాయన్నదే ఇక్కడ ప్రశ్న. ప్రైవేటు బడి నెలపాటు ఒంటిపూటే నడిపి, ఫీజు మాత్రం పూర్తిగా కట్టమంటే ఆ ఊళ్లు ఊరుకునేవా?

ఇది చాలదన్నట్టు, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఉద్యోగ విరమణకు ఐదేళ్లకు మించి గడువున్న టీచర్లు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాసు కావాలి. నాణ్యత కోణంలో దాని వాదన దానికుంది. కానీ ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరమ్మ తన పదో తరగతి కొడుకు పక్కనే కూర్చుని పరీక్షకు చదువుకోవాల్సి రావడం, అదీ ఉపాధ్యాయ దినోత్సవానికి నాలుగు రోజుల ముందు ఆ కబురు రావడం... స్టాఫ్‌రూంలలో ఆ ఏడాది సెప్టెంబరు 5న కేకు కోసినా ముచ్చట మాత్రం టెట్ గురించే.

కమిటీ అంటే సంతకమేనా?

ఊరికి చట్టం ఒక సాధనం ఇచ్చింది. పాఠశాల యాజమాన్య కమిటీ. పేరు ఆంధ్రలో ఒకటి, తెలంగాణలో ఒకటి, ప్రభుత్వం మారితే ఇంకొకటి. ఉన్న అధికారం మాత్రం చిన్నది కాదు.

> చట్టం ఏమంటోంది?
>
> విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మొత్తం మీద సగం మంది మహిళలు. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చు చూడడం కమిటీ పనులు.

కమిటీ చేతికి నిజంగా పని వచ్చినప్పుడు ఏమవుతుందో రెండు రాష్ట్రాలూ చూశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు' మొదటి విడతలో 15,715 బడులకు మరమ్మతులు చేపట్టారు. పనులు కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టిన తల్లులున్నారు, బిల్లు పెట్టిన హెడ్‌మాస్టర్లున్నారు, బిల్లు రాక దుకాణదారుకు ముఖం చాటేసిన హెడ్‌మాస్టర్లూ ఉన్నారు. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన 'మన ఊరు-మన బడి' పోయి, 2024లో మహిళా సంఘాల చేతికి పగ్గాలిచ్చే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పార్టీ మారినప్పుడల్లా పథకం పేరు, గోడ రంగు మారడం ఈ కథలో విసుగు పుట్టించే భాగం.

గోడలకు ఊరు పూనుకున్నంతగా లోపలి మనిషికి పూనుకోవడం అరుదు. ఆ లోటు పూడ్చే ప్రయత్నంగా ఆంధ్రప్రదేశ్‌లో మెగా తల్లిదండ్రులు-టీచర్ల సమావేశాలను చెప్పుకోవచ్చు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు సర్కారు బడులు తల్లిదండ్రులను పిలిచాయి. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు, ఉప ముఖ్యమంత్రి కడపకు వెళ్లారు. మళ్లీ 2025 జులై 10న. అమ్మలకు ముగ్గుల పోటీ, నాన్నలకు తాడు లాగే పోటీ, అందరికీ బడిలోనే భోజనం. హంగు కొంచెం ఎక్కువే, కెమెరాలు మరీ ఎక్కువ. అయినా ఆ రోజు కూలి మానుకుని వచ్చి, ఇరుకు బెంచీలో ఒదిగి కూర్చుని, బిడ్డ ప్రగతి కార్డు మీద వేలిముద్ర పెట్టిన అమ్మను తేలిగ్గా తీసెయ్యలేం. టీచరుతో ఆమె మాట్లాడిన ఐదు నిమిషాలు ఏ సన్మానపత్రంలోనూ ఉండవు. పిల్లవాడు ఇంట్లో పుస్తకం తీస్తున్నాడా, రాత్రి ఎన్ని గంటలదాకా ఫోన్ చూస్తున్నాడు, కళ్లు మసకగా ఉన్నాయంటున్నాడా, ఇవీ ఆ మాటలు.

మనిషి కోసం కాక బడి కోసమే ఊళ్లు కదిలిన సందర్భమూ ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలపబోయినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రులు బడి గేట్ల ముందు బైఠాయించారు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి ఎలా వెళుతుందని అడిగారు. ఆ జీవోను తర్వాతి ప్రభుత్వం పక్కన పెట్టింది.

పదో తరగతి బ్యాచ్ దిగిందంటే...

ఊరి ప్రేమ పూర్తిగా పొంగిపొర్లేది మాత్రం పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో. వేసవి సెలవుల్లోనో, సంక్రాంతికి మర్నాడో ఏ హైస్కూలు ముందునుంచి వెళ్లినా ఫ్లెక్సీ కనిపిస్తుంది. '1989-90 పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ కలయిక'. ఆరు నెలల ముందే వాట్సాప్ గ్రూపు మొదలవుతుంది. పారిపోయి పెళ్లి చేసుకున్నవాడు, దుబాయ్ వెళ్లినవాడు, ఊళ్లోనే కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు ఒక్కొక్కరే అందులోకి వస్తారు. తర్వాత అసలు వేట. సార్లు ఎక్కడున్నారు? సోషల్ సారు కాలం చేశారట. హిందీ మేడం హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉన్నారట. లెక్కల సారుకు మోకాళ్లు నొప్పులు, కారు పంపితేనే వస్తారు.

ఆ రోజు ఉదయం అందరూ ఒకే రంగు చొక్కాలు, చీరలు. ప్రార్థన గంట మళ్లీ మోగుతుంది. యాభై ఏళ్లవాళ్లు ఎత్తుల వారీగా వరసలో నిలబడతారు. ఒక సారు పాత హాజరు పట్టీ చదువుతారు, మధ్యలో రెండు మూడు పేర్ల దగ్గర ఎవరూ పలకరు. ఆ వెంటనే ఏదో జోకు వేసి నెట్టుకొస్తారు. కాళ్లు కడిగేవారు, బెత్తం బహుమతిగా ఇచ్చి "ఇంకోసారి కొట్టండి సార్" అనేవారు, నవ్వులు, ఫొటోలు. అందులో ఎనభై ఏళ్ల లెక్కల సారు ఒక్కసారి కళ్లద్దాలు సవరించుకుని "నువ్వు వెనక బెంచీ కదూ, హోంవర్కు చేసేవాడివి కాదు" అంటే ఆ మనిషికి అంతకు మించిన బిరుదు లేదు.

సాయంత్రానికి బడికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్లడం ఆనవాయితీ. మంచినీటి ప్లాంటు, వేదిక, బీరువా, సైకిళ్లు, పదో తరగతిలో మొదటి మార్కులవారికి నగదు. విదేశాల్లో ఉన్నవారు ప్రొజెక్టర్లు, డిజిటల్ తరగతి గదులు ఇస్తారు. అమెరికాలోని తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలు ఇలాంటి పనుల్లో ఏళ్లుగా ఉన్నాయి. రాళ్ల మీద పేర్లు చెక్కిస్తారు. తప్పేముంది, ఇచ్చినవారి పేరు ఉండాల్సిందే.

ఒక్క చిక్కు. ఆ వేదిక మీద కూర్చున్న సార్లంతా రిటైరైనవారు. ఇప్పుడు ఆ బడిలో పనిచేస్తున్న టీచర్లు కింద కుర్చీలు సర్దుతూ, మైకు చూసుకుంటూ, భోజనాల దగ్గర నిలబడుతూ కనిపిస్తారు. వారి పేర్లు కూడా చాలామందికి తెలియవు. ప్రొజెక్టర్ బల్బు ఆర్నెల్లకు పోతే మార్చాల్సింది వీరు. కరెంటు బిల్లు కట్టాల్సిందీ వీరే.

> అమెరికా బడిలో తెలుగు అమ్మ
>
> డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు మే మొదటివారం బాగా గుర్తుంటుంది. నేషనల్ పీటీఏ 1984 నుంచి ఆ నెలలో ఒక వారాన్ని టీచర్లకు కృతజ్ఞత చెప్పే వారంగా జరుపుతోంది. పిల్లలు చేతిరాత కార్డులు ఇస్తారు, తల్లిదండ్రులు వంతులు వేసుకుని స్టాఫ్‌కు భోజనాలు తెస్తారు. సమోసాలు, పులిహోర తీసుకెళ్లే తెలుగు అమ్మలు తక్కువేం కాదు. అలాగని అక్కడ అంతా సవ్యంగా లేదు. తరగతి గదికి పెన్సిళ్లు, కాగితాలు టీచర్లు సొంత డబ్బుతో కొనుక్కోవడం ఎంత మామూలంటే, అందులో కొంత ఆదాయం నుంచి మినహాయించుకోవడానికి పన్ను చట్టంలోనే చోటిచ్చారు. కృతజ్ఞతా వారం ఉన్న దేశంలోనూ సుద్దముక్క టీచరు జేబులోంచే వస్తోంది.

ఆటో కిరాయి ఎవరిది?

మన దగ్గర ఆ జేబు ఖర్చుకు లెక్కా లేదు, మినహాయింపూ లేదు. పక్క తండా నుంచి పిల్లలు రావాలంటే ఆటో మాట్లాడాలి. నెల కిరాయి టీచర్లే పంచుకుని కడుతున్న బడులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నలుగురు టీచర్లున్న చోట ఒకరు దీర్ఘకాలిక సెలవు పెడితే, మిగిలిన ముగ్గురూ తలా కొంత వేసుకుని ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయిని పెట్టుకుంటారు. కొన్నిచోట్ల ఆ చందా ఊరు ఇస్తుంది. యువజన సంఘం వినాయక చవితి వసూళ్లలో మిగిలింది వాలంటీరు జీతానికి మళ్లించిన ఊళ్లు లేకపోలేదు.

ఊరు, టీచర్లు ఒక మాట మీద నిలబడినప్పుడు ఫలితం కళ్లముందే ఉంటుంది. సిద్దిపేటలోని ఇందిరానగర్ జెడ్పీ ఉన్నత పాఠశాల ముందు సీట్లు నిండాయని బోర్డు పెట్టాల్సి వచ్చింది. ప్రైవేటు బడుల బస్సులు తమ ఊళ్లోకి రావద్దని తీర్మానం చేసుకున్న పల్లెలు తెలంగాణలో ఉన్నాయి. ఇలాంటి తీర్మానాలను పత్రికలు మెచ్చుకుంటాయి, ఫొటో వేస్తాయి. మూడేళ్ల తర్వాత వెళ్లి చూసేది తక్కువ. ఊరంతా మాట మీద నిలబడ్డా, మూడో తరగతికి టీచరును వేయకపోతే ఆ మాట ఎంతకాలం నిలుస్తుంది? ఊరి తీర్మానానికి సర్కారు సంతకం తోడవ్వాలి. 2024 అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో తెలంగాణ పది వేల మందికి పైగా కొత్త టీచర్లకు నియామక పత్రాలిచ్చింది. 16,347 పోస్టులతో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన మెగా డీఎస్సీ నియామకాలు 2025 సెప్టెంబరులో పూర్తయ్యాయి. ఆ కొత్తవారిలో చాలామందికి మొదటి పోస్టింగు దక్కింది బస్సు దిగి నడవాల్సిన ఊళ్లలోనే. అద్దెకు ఇల్లు దొరకని చోట ఒక గది చూపించడం, ఒంటరిగా వచ్చే టీచరమ్మను చీకటి పడేలోగా బస్సెక్కించడం, ఇవి ఖర్చులేని పనులు. ఏ కమిటీ మినిట్స్ పుస్తకంలోనూ వీటికి గడి లేదు.

ఇక ముందున్న పరీక్ష జనగణన. 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య రాష్ట్రానికి 30 రోజుల చొప్పున ఇళ్ల లెక్క, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క. చట్టం అనుమతించిన పని గనక టీచర్లు కాదనడానికి లేదు, ట్యాబులూ ఫోన్లూ పట్టుకుని వెళ్లాల్సిందే. ఒకే టీచరున్న 12,912 బడుల్లో ఆ రోజుల్లో పాఠం ఎవరు చెబుతారో మండల విద్యాధికారిని ముందుగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకునే హక్కు ప్రతి కమిటీకీ ఉంది. రిటైరైన మాస్టారు ఊళ్లోనే ఉంటే ఆయన్ను స్వచ్ఛందంగా పాఠం చెప్పమని పిలవడానికి కేంద్రం విద్యాంజలి పథకంలో వీలుంది. ఆయన ఒప్పుకుంటారా అంటే, చాలామంది అడక్కముందే ఒప్పుకుంటారు. కాకపోతే ఎవరైనా వెళ్లి అడగాలి.